ప్రతిపక్షంల కూసున్న ఎంపీ ఏం చేస్తడు? జైపాల్ రెడ్డి గురించి మీ ప్రశ్నలు, మా జవాబులు

పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలకు కేంద్ర మంత్రిగ చేసిన ఎస్. జైపాల్ రెడ్డి పేరు పెట్టాలని 2025 జనవరిల రాష్ట్ర కేబినెట్ నిర్ణయం తీసుకున్నప్పటి నుంచి మన పాఠకులు ఆయన గురించి అడుగుతనే ఉన్నరు, కొందరు మెచ్చుకుంట, కొందరు నిలదీసుకుంట. ఒకరిద్దరు నల్లగొండ పాత ఎంపీల గురించి కూడా అడిగిన్రు. అన్నిటికీ ఒకటే చోట జవాబులు రాస్తున్న, కొన్ని పెద్దగ అయినయి, ఓపికతోని చదవున్రి.

మా తాత ఎప్పుడూ చెప్తడు, జైపాల్ రెడ్డి ఇందిరా గాంధీ మీద నిలబడ్డడని. నిజమేనా సార్? ఓడిపోతనని తెలిసి కూడా ఎందుకు నిలబడ్డడు? (డిగ్రీ స్టూడెంట్, కల్వకుర్తి)

మీ తాత చెప్పింది నిజమే తమ్ముడూ. 1980 జనవరి ఎలక్షన్లల్ల ఇందిరా గాంధీ రాయ్‌బరేలీతోని పాటు మన మెదక్ నుంచి కూడా పోటీ చేసింది, ఆమె మీద జనతా పార్టీ తరఫున నిలబడ్డది జైపాల్ రెడ్డి గారే. 2 లక్షలకు పైగ ఓట్ల తేడాతోని ఓడిపోయిన్రు. ఆ ఎలక్షన్ల ఆంధ్రప్రదేశ్‌ల 42 సీట్లుంటే ఇందిరా కాంగ్రెస్‌కు 41 వచ్చినయి అంటే గాలి ఎట్ల ఉండెనో అర్థం చేసుకో. ఆమె రెండు చోట్ల గెలిచి రాయ్‌బరేలీ వదిలేసి మెదక్ ఉంచుకున్నది, చనిపోయేదాక మెదక్ ఎంపీనే.

ఇగ ఎందుకు నిలబడ్డరు అంటవా, దానికి జర వెనక్కి పోవాలె. ఆయన 1942 జనవరి 16న పుట్టిన్రు, పుట్టింది నల్లగొండ జిల్లా చండూరు దగ్గర నెర్మటల, సొంతూరు మాడ్గుల, అప్పట్ల అది మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు రంగారెడ్డి జిల్లాల కలిసింది గని ఎమ్మెల్యే నియోజకవర్గం మాత్రం కల్వకుర్తే. ఉస్మానియాల ఎంఏ ఇంగ్లీష్ చేసిన్రు. 1969ల కల్వకుర్తి నుంచి కాంగ్రెస్ ఎమ్మెల్యే అయిన్రు, అప్పటికి ఆయనకు ఇరవై ఏడేండ్లు, 1972ల మల్ల గెలిచిన్రు. అధికార పార్టీ, చిన్న వయసు, మంచి మాటకారి, సప్పుడు చేయకుండ కూసుంటే చాలు మంత్రి పదవి వెతుక్కుంట వచ్చేది. అప్పుడే 1975 జూన్ 25న ఎమర్జెన్సీ పెట్టిన్రు. పేపర్ల మీద సెన్సార్, ప్రతిపక్ష లీడర్లంత జైలుల. ఆయనకు అది నచ్చలే, 1977ల కాంగ్రెస్ ఇడిసిపెట్టి జనతా పార్టీల చేరిన్రు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలె నువ్వు. దేశమంత 1977ల జనతా గాలి ఉన్నది గని మన రాష్ట్రంల లేదు, ఇక్కడ జనతాకు గెలిచింది ఒక్కటే ఎంపీ సీటు, నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి గారు. అంటే ఆంధ్రప్రదేశ్‌ల ఉండి కాంగ్రెస్‌ను ఇడిసిపెట్టుడంటే గెలిచే బండి దిగి ఓడే బండి ఎక్కుడే. అయినా ఎక్కిన్రు. 1978ల జనతా టికెట్ మీద కల్వకుర్తిల గెలిచిన్రు, 1983ల ఎన్టీఆర్ గాలి ఊరూరా కొట్టినప్పుడు కూడా జనతా టికెట్ మీదనే గెలిచిన్రు. కాబట్టి మెదక్‌ల నిలబడ్డది ఏదో పేరు కోసమని నేను అనుకోను, ఎమర్జెన్సీ పెట్టిన ఆమె మన జిల్లా పక్కకే వచ్చి ఓటు అడుగుతుంటే, ఎమర్జెన్సీ మీదనే పార్టీ ఇడిసిపెట్టిన మనిషి ఎదురుంగ నిలబడకుంటే ఇంకెవరు నిలబడతరు? ఓట్లు రాకపోవచ్చు, గని మెదక్ జనానికి ఇంకో మాట వినే మోక దొరికింది కద.

మీ తాతను ఇంకొకటి అడుగు, 1989ల కల్వకుర్తిల ఎన్టీఆర్ ఓడిపోయిన సంగతి. కాంగ్రెస్ చిత్తరంజన్ దాస్ చేతిల ముఖ్యమంత్రే ఓడిపోయిండు అక్కడ. మీ కల్వకుర్తి పెద్దల దగ్గర ఇసుంటి కథలు మస్తు ఉంటయి, రాసి పెట్టుకో.

అయ్యా, నేను రైతును. పేరు మంచిదే, మాటలు మంచియే, గని ఆయన జీవితంల సగం ప్రతిపక్షంలనే కూసున్నడు. పాలమూరుకు ఏమొచ్చింది దానితోని? మా ఊరోళ్ళు అప్పుడూ బొంబాయి బస్సే ఎక్కిన్రు, తర్వాతా ఎక్కిన్రు. (నాగర్‌కర్నూల్ దగ్గర నుంచి)

పెద్దమనిషీ, మీరు అడిగింది అడగవలసిన ప్రశ్నే, కోపం కూడా న్యాయమైందే. తప్పించుకోకుండ చెప్త.

ఆయన మొదటిసారి లోక్‌సభకు పోయింది 1984ల, మహబూబ్‌నగర్ నుంచి, జనతా పార్టీ. ఇందిరా గాంధీ హత్య తర్వాత వచ్చిన ఎలక్షన్ అది, కాంగ్రెస్‌కు 400 దాటినయి సీట్లు. దేశం మొత్తంల జనతాకు వచ్చింది 10, ఆ పదిట్ల మన రాష్ట్రం నుంచి ఒక్కటే, మన పాలమూరు. తెలుగుదేశం మద్దతు ఉండె కాబట్టి గెలుపు వచ్చింది, అది కూడా చెప్పాలె. ఇగ ఆలోచించున్రి, నాలుగు వందల మందికి పైగ అటు దిక్కు కూసున్న సభల పది మంది పార్టీల ఒక మనిషి, అతని చేతిల ఏముంటది? ఫైలు ఉండదు, సంతకం ఉండదు, బడ్జెట్ ఉండదు. ఇప్పుడు ఎంపీలకు ఏడాదికి 5 కోట్ల నిధులున్నయి కద, అప్పుడు అది కూడా లేదు, ఎంపీ లాడ్స్ మొదలయ్యిందే 1993 డిసెంబర్‌ల. కాబట్టి అప్పటి ప్రతిపక్ష ఎంపీ మీ ఊరికి బోరు ఏపియ్యలే, సీసీ రోడ్డు ఏపియ్యలే అంటే, ఆయన దగ్గర ఏపిచ్చే పైసలే లేవు.

మరి ఏముంటది ఆయన దగ్గర? నోరు ఉంటది. అడిగే హక్కు ఉంటది. ఆ ఐదేండ్లల్ల బోఫోర్స్ వచ్చింది, 1986ల 410 ఫిరంగులు కొనేటందుకు స్వీడన్ కంపెనీతోని చేసుకున్న ఒప్పందం, 1987 ఏప్రిల్‌ల స్వీడిష్ రేడియో ముడుపులు ఇచ్చిన్రని బయటపెట్టంగనే దేశమంత అల్లకల్లోలం అయింది. లోక్‌సభల రాజీవ్ గాంధీ ప్రభుత్వాన్ని దాని మీద నిలదీసిన గొంతుల్ల గట్టి గొంతు మన పాలమూరు ఎంపీది. ఆ ఫిరంగులతోని పాలమూరు రైతుకు ఏం పని అంటరేమో, ఆ పైసలు మనయే కద, పాలమూరు కూలి కొనుక్కున్న అగ్గిపెట్టె మీద పన్ను కూడా అండ్లనే ఉన్నది. ఎవడో ఒకడు లెక్క అడగాలె, ఆ అడిగేటోడు మన దిక్కు నుంచి పోయిండు.

గని మీ ప్రశ్నల ఉన్న బాధను నేను కొట్టేస్తలేను. వలసలు ఆగలే, అది నిజం. కృష్ణ మన జిల్లా పొంటి పారుతుంటే మన చేన్లు ఎండుడు కండ్లతోని చూసినం. పాలమూరు-రంగారెడ్డి ప్రాజెక్టుకు 2015 జూన్‌ల శంకుస్థాపన చేసిన్రు, 90 టీఎంసీలు ఎత్తిపోసి 12 లక్షల 30 వేల ఎకరాలకు నీళ్ళిస్తమన్నరు. ఇప్పుడు దానికి ఆయన పేరు పెట్టిన్రు. పేరు పెట్టుడు గౌరవమే, నాకు సంతోషమే అయింది, గని ఉదండాపూర్ రిజర్వాయర్ దాక నీళ్ళు వచ్చి కాల్వల్ల పారినప్పుడే ఆ గౌరవం పూర్తి అయితది. అది అయ్యేదాక ఏ పార్టీ ఉన్నా అడుగుతనే ఉండాలె మనం.

ఇంకొకటి, ఇది నాకు చాన ముఖ్యం అనిపిస్తది. ప్రతిపక్షంల ఉన్నప్పుడు ఒక మాట మాట్లాడి కుర్చీ ఎక్కినంక మర్చిపోయేటోళ్ళను మస్తు మందిని చూసినం. అప్పట్ల టీవీ అంటే దూరదర్శన్ ఒక్కటే, రేడియో అంటే ఆకాశవాణి ఒక్కటే, రెండూ సర్కారు చేతిలనే, ప్రతిపక్షపోని మాట రాత్రి వార్తలల్ల రానే రాదు. వాటికి స్వతంత్రం ఇయ్యాలె అని ప్రతిపక్షాలన్నీ ఏండ్ల తరబడి అడిగినయి. 1990ల వి.పి. సింగ్ ప్రభుత్వం ప్రసార భారతి చట్టం చేసింది, అప్పుడు సమాచార మంత్రి మన తెలుగాయనే, పి. ఉపేంద్ర గారు. చట్టమైతే అయింది గని తర్వాత వచ్చిన ప్రభుత్వాలు దాన్ని అమలుల పెట్టలే, ఏడేండ్లు బీరువాల పడి ఉన్నది. 1997ల ఐ.కె. గుజ్రాల్ ప్రభుత్వంల జైపాల్ రెడ్డి గారు సమాచార ప్రసార మంత్రి అయిన్రు, అదే ఏడాది సెప్టెంబర్ 15 నుంచి ఆ చట్టం అమలుల పెట్టిన్రు. తన చేతిల ఉన్న దూరదర్శన్‌ను తనే బోర్డు చేతిల పెట్టుడంటే మాటలా? ఏ మంత్రీ తన అధికారం తను తగ్గించుకోడు. తర్వాత దూరదర్శన్ నిజంగ స్వతంత్రంగ ఉన్నదా అంటే అది వేరే చర్చ, గని బయట కూసోని అడిగింది లోపలికి పోయినంక చేసిన్రు, నా లెక్కల ఆయన పనులల్ల ఇదే పెద్దది.

పార్టీ ఫిరాయింపుల గురించి అందరూ తిడుతరు. ఆయన కూడా కాంగ్రెస్ నుంచి జనతా, జనతాదళ్ నుంచి మళ్ళీ కాంగ్రెస్ వచ్చారు కదా. ఆయనకో న్యాయం ఇప్పటివాళ్ళకో న్యాయమా? (టీచర్, జడ్చర్ల)

మేడం, నేను ఒకటే కొలత పెట్టుకున్న, మారినప్పుడు ఏం పోగొట్టుకున్నరు, ఏం సంపాదించుకున్నరు అని చూస్త. 1977ల పోయినప్పుడు అధికారం పోగొట్టుకున్నరు, 20 ఏండ్లకు పైగ కాంగ్రెస్ బయటనే ఉన్నరు, అండ్ల చాన వరకు ఓడే దిక్కే. 1999ల కాంగ్రెస్‌కు తిరిగి వచ్చినప్పుడు అప్పటికి జనతాదళ్ ముక్కలు ముక్కలైంది, కొందరు బీజేపీ దిక్కు పోయిన్రు, ఈయన ఇటు వచ్చిన్రు. వచ్చినప్పుడు కాంగ్రెస్ ఢిల్లీల అధికారంల లేదు, హైదరాబాద్‌ల లేదు, మల్ల ఐదేండ్లు ప్రతిపక్ష బెంచీ మీదనే. గెలిచిన తెల్లారే కండువా మార్చేటోళ్ళతోని దీన్ని కలపలేను నేను.

గని మీరు అడిగిన దాంట్ల ఒక ముల్లు ఉన్నది, అది కూడా ఒప్పుకోవాలె. ఎమర్జెన్సీ పెట్టిన పార్టీ అని ఇడిసిపెట్టిన మనిషి అదే పార్టీకి ప్రతినిధి అయ్యి టీవీల ముందట మాట్లాడిండు, పాత జనతా మిత్రులకు అది మింగుడు పడలే. మతం పేరు మీద రాజకీయం పెరుగుతున్నది కాబట్టి దాన్ని ఆపే శక్తి కాంగ్రెస్‌కే ఉన్నదని ఆయన లెక్క. ఆ లెక్క ఒప్పుకోవాలనేం లేదు, వాదించుకోవచ్చు. ఒకటి మాత్రం, 1985ల ఫిరాయింపుల చట్టం వచ్చినప్పుడు ఆయన ఆ సభల సభ్యుడు, మరి ఆ చట్టాన్ని ఈ రోజు మన దగ్గర ఎట్ల ఆడుకుంటున్నరో మీరు క్లాసుల పిల్లలకు చెప్పవలసిన పాఠం.

జైపాల్ రెడ్డి నల్లగొండోడా, పాలమూరోడా? మా ఇంట్ల రోజూ లొల్లి. (మిర్యాలగూడ)

ఇద్దరికీ చెందుతరు. పుట్టింది నల్లగొండ జిల్లాల, సొంతూరు పాలమూరు. మహబూబ్‌నగర్ ఎంపీ 1984లా, 1998లా. మీ మిర్యాలగూడ ఎంపీ 1999లా, 2004లా, అప్పట్ల మిర్యాలగూడ పార్లమెంట్ సీటు ఉండె, 2008ల నియోజకవర్గాల హద్దులు మార్చినప్పుడు (డీలిమిటేషన్) పోయింది. 2009ల కొత్తగ వచ్చిన చేవెళ్ళ నుంచి గెలిచిన్రు. 2014ల మల్ల మహబూబ్‌నగర్ వచ్చి టీఆర్ఎస్ జితేందర్ రెడ్డి చేతిల మూడు వేల లోపు ఓట్లతోని ఓడిపోయిన్రు. 2019 జూలై 28న హైదరాబాద్‌ల పోయిన్రు. మధ్యల రాజ్యసభ కూడ ఉన్నది. 1991-92ల రాజ్యసభల ప్రతిపక్ష నాయకుడు ఆయనే, ఆ టైముకు ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారు. ప్రభుత్వం దిక్కు పెద్ద తెలంగాణ బిడ్డ, ఎదురు బెంచీల పెద్ద కూడ తెలంగాణ బిడ్డ. రెండు జిల్లాలోళ్ళు కొట్లాడుకునే బదులు ఈ ముచ్చట చెప్పుకోని గర్వపడున్రి.

నాకు చిన్నప్పుడు పోలియో వచ్చింది. ఒక కాలు పని చేయదు. రాజకీయాల్లోకి రావాలని ఆశ, కానీ ఇంట్లో నవ్వుతారు. ఆయన ఎలా చేశారు? (అచ్చంపేట నుంచి ఒక చెల్లెలు)

చెల్లే, నీ ఉత్తరం రెండుసార్లు చదివిన. ఆయనకు పోలియో వచ్చింది ఏడాదిన్నర వయసుల. అప్పుడు టీకా లేదు, పల్లెల డాక్టరు లేడు. జీవితమంత చంకల కింద కర్రలతోనే నడిచిన్రు. మీటింగ్ అంటే స్టేజీ, స్టేజీ అంటే మెట్లు. మన దగ్గర ఎలక్షన్ ప్రచారం ఎట్ల ఉంటదో నీకు ఎరుకే, ఓపెన్ టాప్ జీపు, ఎండ, దుమ్ము, రోజుకు పది పదిహేను ఊర్లు, ప్రతి ఊర్ల దిగాలె, నాలుగు మాటలు మాట్లాడాలె, మల్ల ఎక్కాలె. అసుంటి ప్రచారాలు నలభై ఏండ్లకు పైగ చేసిన్రు. పార్లమెంట్‌ల లేచి నిలబడి మాట్లాడాలె, పక్కన కర్రలు ఆనిచ్చి ఉంటయి, మాట మొదలైనంక ఎవ్వని చూపూ కర్రల మీద ఉండకపోయేది, ఆ ఇంగ్లీషు వాక్యం ఎటు పోతదో అని జర్నలిస్టులు పెన్ను పట్టుకోని చూసేటోళ్ళు. ఆయన ప్రెస్ మీట్ అయితే డిక్షనరీ తీయాలె అని ఢిల్లీల పేరు. 1998ల ఉత్తమ పార్లమెంటేరియన్ అవార్డు వచ్చింది, దక్షిణాది నుంచి ఆ అవార్డు మొదట అందుకున్నది ఆయనే.

ఒక తేడా మాత్రం చెప్పాలె, ఆయన భూమి ఉన్న కుటుంబంల పుట్టిన్రు, మగబిడ్డ, చదివిపిచ్చిన్రు. నీకు దారి ఇంకా ఇరుకు ఉంటది, లేదని చెప్తే అబద్ధం అయితది. గని ఆయన కాలంల లేనివి కొన్ని నీకున్నయి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ఉన్నది, సర్కారు ఉద్యోగాలల్ల 4 శాతం రిజర్వేషన్ ఉన్నది, పంచాయతీలల్ల మహిళలకు సగం సీట్లున్నయి. రాజకీయం అంటే ఎమ్మెల్యే టికెట్ నుంచే మొదలు కావాలనేం లేదు, వార్డు మెంబర్ నుంచి మొదలుపెట్టు, గ్రామసభల లేచి మాట్లాడు. నవ్వేటోళ్ళు నువ్వు మాట్లాడేదాకనే నవ్వుతరు. నీ ఊర్ల సభ అయినంక మాకు రాయి, తప్పకుండ వేస్తం.

రావి నారాయణరెడ్డికి నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయంటారు. అది లెక్కల మాయ, రెండు సీట్ల నియోజకవర్గం కాబట్టి అలా వచ్చింది అని మా లెక్చరర్ అన్నారు. ఏది కరెక్ట్? (నల్లగొండ)

రెండూ కొంత కొంత కరెక్టే, గని మీ లెక్చరర్ సారుకు ఒక మాట గుర్తు చేయాలె. 1952ల నల్లగొండ ద్విసభ్య నియోజకవర్గం, ఒకటి జనరల్ ఒకటి రిజర్వుడు, ఒక్కో ఓటరుకు రెండు ఓట్లు. రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 వచ్చినయి, దేశంల అందరికన్న ఎక్కువ. నెహ్రూ గారికి 2,33,571. గని నెహ్రూ గారి అలహాబాద్ తూర్పు-జౌన్‌పూర్ పడమర సీటు కూడ ద్విసభ్యమే! అక్కడ కూడ ఓటరుకు రెండు ఓట్లే. కాబట్టి పోల్చుడుల అన్యాయం ఏం లేదు.

అప్పటి ఓటు ఎట్ల వేసేటోళ్ళో తెలుసా, ఇప్పటి లెక్క పేరు ఎదురుంగ ముద్ర కాదు, అభ్యర్థికి ఒక డబ్బా, డబ్బా మీద గుర్తు అతికిచ్చి ఉంటది, చీటీ తీస్కపోయి నచ్చిన డబ్బాల వేసి రావాలె. చదువు రాని మనిషి, నిన్నమొన్నటి దాక దొర గడీ ముందట చెప్పులు చేతిల పట్టుకోని నడిచిన మనిషి, పరదా ఎనుక ఒక్కడే నిలబడి తన ఇష్టం ఉన్న డబ్బాల చీటీ వేసిండు. ఆ మూడు లక్షల ఓట్లు అట్ల పడ్డయి. సాయుధ పోరాటం ఆపి అప్పటికి కొన్ని నెలలే, 1951 అక్టోబర్‌ల విరమించిన్రు. హైదరాబాద్ స్టేట్‌ల కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండె కాబట్టి పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతోని పోటీ చేసిన్రు, ఏడు ఎంపీ సీట్లు గెలిచిన్రు. బొల్లేపల్లి భూస్వామి కుటుంబంల పుట్టి, ఆంధ్ర మహాసభకు రెండు సార్లు అధ్యక్షుడై, పోలీస్ యాక్షన్ అయినంక తుపాకులు పక్కన పెట్టి జనం దగ్గరికి ఓటుతోని పోదం అని సొంత పార్టీల గట్టిగ వాదించిన మనిషి. 1962ల మల్ల నల్లగొండ ఎంపీ అయిన్రు, అప్పుడూ ప్రతిపక్షమే. 1991ల పోయిన్రు, తర్వాతి ఏడాది పద్మవిభూషణ్ ఇచ్చిన్రు. దక్షిణ తెలంగాణ నుంచి ప్రతిపక్ష బెంచీకి దారి వేసింది ఆయన, జైపాల్ రెడ్డి గారు వేరే జెండాతోని అదే దారిల పోయిన్రు.

1996లో నల్లగొండలో 480 మంది పోటీ చేశారట, ఎందుకు? గెలిచిందెవరు? (మర్రిగూడ నుంచి ఇంటర్ విద్యార్థిని)

నీళ్ళ కోసం అమ్మా. మీ మర్రిగూడ దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వంకర్లు పోయిన ఎముకలు మీ ఇంటి పక్కనే చూసి ఉంటవు. ఎన్ని అర్జీలు పెట్టినా ఢిల్లీకి వినపడలే, జలసాధన సమితి వాళ్ళు ఆలోచన చేసి వందల మందితోని నామినేషన్లు ఏపిచ్చిన్రు. చివరికి 480 మంది బరిల నిలిచిన్రు, బ్యాలెట్ పేపర్ ఒక పుస్తకం లెక్క అయ్యింది, ఓటరు పేజీలు తిప్పుకుంట తన గుర్తు వెతుక్కోవాలె. అప్పుడు దేశమంత ఈ నల్లగొండ ఎక్కడున్నది అని అడిగింది. గెలిచింది సీపీఐ బొమ్మగాని ధర్మభిక్షం గారు, సూర్యాపేట మనిషి, గీత కార్మికుల నాయకుడు, 1991లనే ఒకసారి గెలిచి ఉన్నరు.

సర్కారు నీళ్ళు తొందరగ ఇయ్యలే గని చట్టం మాత్రం తొందరగ మార్చింది. అదే ఏడాది లోక్‌సభ డిపాజిట్ 500 నుంచి 10 వేలకు పెంచిన్రు, స్వతంత్రులకు ఒక్కరికి బదులు పది మంది ప్రతిపాదించాలె అన్నరు. తమిళనాడు మొదకురిచ్చిల కూడ అదే ఏడాది 1,033 మంది నిలబడ్డరు, అన్నీ కలిసి ఈ మార్పు తెచ్చినయి. నాకు ఇప్పటికీ మనసుల పట్టనిది అదే, నీళ్ళు అడిగిన నోర్లకు డిపాజిట్ పెంచుడు జవాబు అయ్యింది.

సివిల్స్ ప్రిపేర్ అవుతున్నా. ప్రతిపక్ష ఎంపీ ప్రశ్న అడిగితే ప్రభుత్వం జవాబు ఇవ్వకుండా తప్పించుకోలేదా? అసలు ఎలా జరుగుతుంది? (వనపర్తి)

ప్రశ్నకు 15 రోజుల ముందు నోటీసు ఇయ్యాలె. వచ్చిన నోటీసులన్నీ లాటరీ తీస్తరు, ఆ లాటరీకి పార్టీ తెలియదు, నాలుగు వందల మంది ఉన్న పార్టీ ఎంపీదీ ఒక్కడే ఉన్న పార్టీ ఎంపీదీ ఒకటే చీటీ. లోక్‌సభల స్టార్ గుర్తు ప్రశ్నలు రోజుకు 20, పొద్దున 11 గంటలకు మంత్రి లేచి నోటితోని జవాబు చెప్పాలె, ఆ మీద అనుబంధ ప్రశ్న అడగొచ్చు, అసలు దెబ్బ అక్కడనే పడుతది, ఎందుకంటే రాసుకొచ్చిన కాగితంల దానికి జవాబు ఉండదు. గంటల ఇరవై పూర్తి అయ్యుడు చాన అరుదు, మామూలుగ ఐదారు అయితే ఎక్కువ. స్టార్ లేని ప్రశ్నలు 230, వాటికి రాతపూర్వకంగ జవాబు వస్తది.

సంసద్ వెబ్‌సైట్‌ల ఎంపీ పేరు కొట్టి చూడు, ప్రశ్న కాగితం అన్నీ ఒకటే తీరుగ ఉంటయి. పైన నంబర్, తేదీ, మంత్రిత్వ శాఖ. కింద (ఎ) ఫలానా సంగతి ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, (బి) వస్తే ఆ వివరాలు, (సి) రాకపోతే కారణాలు, (డి) తీసుకున్న చర్యలు. చూడటానికి ఎండిపోయిన భాష లెక్క ఉంటది గని ఈ నాలుగు ముక్కలల్ల మంత్రికి పారిపోయే సందు ఉండదు, అవునన్నా వివరం ఇయ్యాలె, కాదన్నా కారణం చెప్పాలె. తప్పు జవాబు ఇస్తే సభా హక్కుల నోటీసు వస్తది. తప్పించుకునే దారి ఒకటి ఉన్నది, "సమాచారం సేకరిస్తున్నం" అని చెప్పి నెలల తరబడి నాన్చుతరు, దానికి హామీల కమిటీ ఉన్నది, ఆ కమిటీ వెంట పడే ఓపిక ఎంపీకి ఉండాలె. ప్రైవేటు బిల్లు (మంత్రి కాని ఎంపీ పెట్టే బిల్లు) గురించి ఎక్కువ ఆశ పెట్టుకోకు, ఇప్పటిదాక చట్టం అయినవి 14, ఆఖరుది 1970ల.

మాది భువనగిరి. మా ఎంపీ కాంగ్రెస్, రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం. మరి ఆయన ప్రతిపక్ష ఎంపీ ఎట్లయితడు?

ఢిల్లీల ప్రతిపక్షం, హైదరాబాద్‌ల అధికార పక్షం. 2024ల గెలిచిన భువనగిరి, నల్లగొండ, నాగర్‌కర్నూల్ ఎంపీలు ముగ్గురిదీ ఇదే పరిస్థితి, మహబూబ్‌నగర్ బీజేపీ ఎంపీది దీనికి ఉల్టా. కాబట్టి ఏ పని ఎవరిని అడగాలె అనేది మీకు తెలిసి ఉండాలె. రైల్వే, నేషనల్ హైవే, పోస్టాఫీసు, పీఎఫ్, బీబీనగర్ ఎయిమ్స్, ఇవి కేంద్రానివి, వీటి మీద మీ ఎంపీ ప్రశ్న వేయాలె. పెన్షన్, రేషన్ కార్డు, ధాన్యం కొనుగోలు సెంటరు రాష్ట్రానివి, వాటికి ఎమ్మెల్యే దగ్గరికి పోవాలె, అక్కడ ఆయన పార్టీ ప్రభుత్వమే కాబట్టి కేంద్రం మీద నెట్టే సాకు ఉండదు.

ఉత్తరం రాసేటప్పుడు ఊరికే "మా సమస్య తీర్చండి" అని రాయకున్రి. ఏ రైలు, ఏ స్టేషన్‌ల ఆగుతలేదు, ఎప్పటి నుంచి, ఎంతమందికి ఇబ్బంది, ఇంతకుముందు ఎవరికి అర్జీ పెట్టిన్రు, ఆ కాపీ జత చేసి ఇయ్యున్రి, అది నేరుగ ప్రశ్న అయ్యేటట్టు. సమావేశాలు మొదలయ్యే నెల రోజుల ముందే చేరాలె, తర్వాత చేరితే నోటీసు టైము దాటిపోతది.